పదికి ఎంత నొప్పి

సొన్నమ్మ ఇరవై రెండేళ్ళు బెంగళూరులో సిమెంటు తట్ట మోసింది. ఇన్నేళ్ళలో ఆమె నోట నొప్పి అన్న మాట మేస్త్రి పాపయ్య ఒక్కసారి కూడా వినలేదు. ఇదేదో ఆమె వీరత్వం అనుకునేరు, కాదు. అది అడ్డా నేర్పిన తెలివి. హెబ్బగోడిలో పొద్దున్నే కూలీలు పనికోసం నిలబడే చోట నడుము పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని ఎవరూ పిలవరు. ఒళ్ళు బాగాలేదని చెప్పుకున్న మనిషికి ఆ రోజు పని పోవడమే కాదు, "ఆయమ్మకు చేతకాదప్పా" అన్న పేరు కూడా వస్తుంది. ఆ పేరు నెల తిరిగినా పోదు. అందుకని అక్కడ అందరూ బాగుంటారు. జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డవాళ్ళు కూడా బ్రహ్మాండంగా ఉంటారు.

"ఏం సొన్నమ్మా, బాగుండావా?" అని పాపయ్య రోజూ అడిగేవాడు.

"బాగుండానప్పా," అనేది ఆమె, అప్పటికే తలమీద గుడ్డ చుట్టుకుంటూ.

ఒకసారి ఇనుప కడ్డీ జారి కాలి బొటనవేలి మీద పడి గోరు ఊడిపోయింది. గుడ్డపీలిక కట్టుకుని మధ్యాహ్నం వరకూ మూడో అంతస్తుకు ఇసుక మోసింది. మెట్ల మీద రక్తపు మరకలు చూసి పాపయ్య ఇదెవరిదని కేకలేస్తే, అందరితోపాటు తనూ అటూ ఇటూ చూసింది. ఆ సంగతి చెప్పుకుని తర్వాత ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. సొన్నమ్మ కూడా నవ్వింది. పాపయ్య చెడ్డవాడేమీ కాదు, అతనికీ పైన ఇంకో మేస్త్రి ఉన్నాడు.

ఎడమ రొమ్ములో గడ్డ తగిలినప్పుడూ ఆమె అలాగే అటూ ఇటూ చూసింది. తట్ట అంచు తగిలి గట్టిపడిందిలే అనుకుంది. ఏడాది అనుకుంది. చివరికి రవిక తడిసి వాసన వస్తుంటే, పక్కగదిలో ఉండే గార్మెంట్స్ పిల్ల సుమ చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు. పని చేస్తున్నానని చెప్పాలనిపించింది ఆమెకు. రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఎనిమిది విడతల కీమో అన్నారు, మూడు వారాలకు ఒకటి.

సొన్నమ్మకు నలభై ఏడేళ్ళు. మొగుడు కామెర్లొచ్చి పోయి పదేళ్ళయింది. పిల్లలు నిలవలేదు. హిందూపురం అవతలి పల్లెలో ఉన్న తమ్ముడు ఆపరేషనైన వారానికి వచ్చాడు. గడప దగ్గరే కూర్చుని, తెచ్చిన బత్తాయిల సంచి లోపలికి తోసి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. ఇది అంటుకునే జబ్బేమోనని అతని పెళ్ళాం భయపడుతోందని అతను చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. కోపం రాలేదు. బత్తాయిలు మాత్రం తినబుద్ధి కాక సుమకు ఇచ్చేసింది.

ఆమె ఉండేది ఎనిమిది గదుల వఠారం. అందరూ ఫ్యాక్టరీలకూ, గార్మెంట్స్‌కూ పోయేవాళ్ళు. పొద్దున ఏడు దాటేసరికి ఏడు గదులకు ఏడు తాళాలు పడతాయి, రాత్రి ఎనిమిదికి గానీ తెరుచుకోవు. ఇన్నేళ్ళుగా అక్కడే ఉంటున్నా ఆ వఠారం పగటిపూట ఎలా ఉంటుందో సొన్నమ్మకు తెలియదు, ఎందుకంటే ఎనిమిదో తాళం ఎప్పుడూ ఆమెదే. ఇప్పుడు తెలిసింది. నీళ్ళ డ్రమ్ము మీద కాకి వాలిన చప్పుడు కూడా వినిపించేంత ఖాళీగా ఉంటుంది.

కీమో ఎక్కించే హాలులో వరసగా పడక కుర్చీలు. రేషన్ కార్డు మీద వచ్చినవాళ్ళూ, ఇన్సూరెన్స్ మీద వచ్చినవాళ్ళూ పక్కపక్కనే కూర్చోవాలి. అక్కడి నర్సు గీతాంజలి కన్నడమావిడ, తెలుగువాళ్ళతో తెలుగు కలిపి మాట్లాడుతుంది. మొదటి విడత అయ్యాక ఆమె చెప్పింది:

"రేపు మళ్ళీ రావాలి సొన్నమ్మా. పొట్టకు ఒక సూది. ఈ మందుకు రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి, ఈ సూదికి అవి మళ్ళీ పుట్టుకొస్తాయి. బలం సూది అనుకో. స్వల్ప నొప్పులుంటాయి, గాబరా పడకు. జ్వరమొస్తే మాత్రం ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. జ్వరం చూసుకోకుండా ఏ మాత్రా మింగకూడదు, తెలిసిందా?"

తెలిసిందని తల ఊపింది. బలం సూది అన్న మాట ఆమెకు నచ్చింది. మరుసటి రోజు బస్సెక్కి వెళ్ళి వేయించుకుని, తిరిగొచ్చేటప్పుడు దారిలో కొత్తిమీర కట్ట కూడా కొనుక్కొచ్చింది.

మూడో రోజు పొద్దున మొదలైంది. ముందు నడుము కింద ఏదో గుబగుబలాడినట్టు అనిపించింది. పళ్ళు తోముకుని వచ్చేసరికి అది తుంటి ఎముకల్లోకి దిగింది. మధ్యాహ్నానికి తొడలు, వీపు, రొమ్ము మధ్య ఎముక. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటులో వైబ్రేటర్ గొట్టం దించితే లోపలి కడ్డీలన్నీ ఎలా వణికిపోతాయో సొన్నమ్మకు బాగా తెలుసు. ఇప్పుడు ఆ గొట్టం తన ఎముకల్లోనే పెట్టారు, ఆపడం మర్చిపోయి అందరూ అన్నానికి వెళ్ళిపోయారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపలినుంచి ఒక పోటు. పడుకుంటే పోటు, కూర్చుంటే పోటు, నిలబడితే కాళ్ళు ఆగవు.

స్వల్ప నొప్పి అంటే ఇది కాదు కదా. మరి ఇదేమిటి? జబ్బు ఎముకల్లోకి దిగిందని ఆమె తీర్మానించుకుంది. ఊళ్ళో ఎవరో పెద్దాయనకు అలాగే దిగి పోయాడని చిన్నప్పుడు విన్నది. ఆ సాయంత్రం గోడ పట్టుకుని లేచి, పెట్టెలోని మంచి చీర తీసి చాప పక్కన పెట్టుకుంది, పొద్దున తలుపు పగలగొట్టినవాళ్ళు వెతుక్కోకుండా. సుమ వచ్చి తలుపు కొట్టి, "అక్కా, చారు తెచ్చినా, ఎట్లుండావు?" అంటే, "బాగుండాలేవే, ఆడ పెట్టిపో," అంది లోపలినుంచే. తలుపు తీస్తే మొహం చూస్తుంది కదా.

పొద్దునకు చావలేదు. ఆరో రోజుకు నొప్పి వచ్చిన దారినే పోయింది. సొన్నమ్మ చీర మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. కాస్త సిగ్గుపడింది కూడా.

ఇక ఈ సంగతి రెండో విడతకు వెళ్ళినప్పుడు నర్సుకు చెప్పేసి ఉంటే కథే లేదు. చెప్పాలనే వెళ్ళింది. కానీ ఆమె వంతు వచ్చేలోపల పక్క కుర్చీలో చిక్కమునియప్ప అనే ముసలాయన మొదలుపెట్టాడు. నోరు పూసిందమ్మా, అన్నం దిగలేదమ్మా, విరేచనాలమ్మా, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయమ్మా అని ఒకటీ దాచకుండా ఏకరువు పెట్టాడు. గీతాంజలి రాసుకుంది. డాక్టరు వచ్చాడు, కాగితం చూశాడు, "ఈ వారం వద్దు తాతా, ఇంటికి పోయి రెండు వారాలాగి రా," అన్నాడు. ముసలాయన సంచీ భుజాన వేసుకుని మెల్లగా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన సొన్నమ్మకు కనబడలేదు.

ఈ తీరు సొన్నమ్మకు కొత్తది కాదు. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే చూస్తున్నదే. రేపు రా అంటారు, రెండు రోజులాగి రా అంటారు. ఆ రేపు ఎప్పటికీ రాదు. తట్ట మోయలేనివాళ్ళకు పని ఇవ్వరు, మందు మోయలేనివాళ్ళకు మందు ఇవ్వరు. బయట ఎంతమంది ఆ కుర్చీకోసం కాచుకుని ఉన్నారో ఆమె కళ్ళతో చూస్తూనే ఉంది. పేరు కొట్టేస్తే ఇంకెక్కడికి పోవాలి?

గీతాంజలి ఆమె దగ్గరికి వచ్చి ఒక అట్ట చూపించింది. దానిమీద సున్నా నుంచి పది దాకా అంకెలు, వాటి పైన నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలు.

"సూది తర్వాత నోవు ఎష్టు సొన్నమ్మా? నొప్పి పదికి ఎంత?"

సొన్నమ్మ ఆ బొమ్మలను చూసింది. చివరి ఏడుపు మొహం కూడా తను పడినదానికి చాలదు. అయినా అస్సలు లేదని అనలేదు, అంత అమాయకురాలు కాదు. మరీ గట్టిగా ఉన్నానంటే మేస్త్రీలు నమ్మరు. ఏదో కాస్త ఉందంటే నమ్ముతారు.

"ఒకటమ్మా," అంది.

"శభాష్," అని గీతాంజలి రాసుకుంది.

అలా రెండో సూది, మూడో సూది. తేలు కుట్టిన దొంగ సంగతి మనకు తెలిసిందే, అరవడానికి లేదు. నొప్పికి ఏదైనా మాత్ర వేసుకోవచ్చా అని అడగాలంటే ముందు నొప్పి ఉందని ఒప్పుకోవాలి. అడగకుండా వేసుకుంటే తెల్లకణాలకు ఏమవుతుందోనని భయం, మెడికల్ షాపులో రెండు మాత్రలు కొనుక్కుని మింగే అలవాటు ఉన్న మనిషే అయినా. అందుకని ఒంటితోనే తంటాలు పడింది. ఉప్పు వేడిచేసి మూటకట్టి తుంటికి కాపడం పెట్టుకుంది. పాత చీర నడుముకు బిగించి చుట్టుకుంది. నొప్పి ఎక్కువైనప్పుడు మేడమెట్లెక్కి, పిట్టగోడకు ఆనుకుని, దూరంగా పోయే మెట్రో రైళ్ళను చూస్తూ నిలబడేది. ఒక రైలు పోయి ఇంకో రైలు వచ్చేదాకా ఓర్చుకుందాం, ఆ తర్వాత ఏడుద్దాం అనుకునేది. ఇంకో రైలు వచ్చేది, మళ్ళీ వాయిదా వేసేది.

ఆమె ఏ ఒక్క రోజూ గట్టిగా మూలగలేదు. మూలిగితే వినడానికి ఏడు తాళాలు తప్ప ఎవరూ లేరని తెలిసి కూడా మూలగలేదు. అలవాటు అంత పాడుది. మండే కట్టెను పొయ్యి లోపలికి తోసేస్తే మంట ఆరిపోదు, గిన్నె మాడుతుంది. అదీ ఆమె బతుకు.

మూడో సూది అన్నిటికంటే చెడ్డది. నాలుగో రోజు మధ్యాహ్నం చాప మీదినుంచి నీళ్ళ బిందె దాకా పోవడానికి మోచేతుల మీద పాకింది. నీళ్ళు తాగి అక్కడే నేలమీద చెంప ఆనించి పడుకుంది. గచ్చు చల్లగా ఉంది. ఈ గచ్చు ఎవరు పోశారో మట్టం సరిగ్గా లేదని గమనించింది. అప్పుడు, ఎందుకో తనకే తెలియదు, ఫోన్ తీసి ఆసుపత్రి నంబరు నొక్కింది.

"చెప్పండి, జ్వరం వచ్చిందా?" అన్నారు అవతల.

"లేదు."

"మరి ఏమైంది?"

ఆ గొంతు మంచిదే. చిన్నపిల్ల గొంతు. సొన్నమ్మ నోరు తెరిచింది.

"ఏం లేదు పాపా. ఈ నంబరు పనిచేస్తాందా లేదా అని చూసినా," అని పెట్టేసింది.

నాలుగో విడతకు వెళ్ళిన రోజు హాలు కిక్కిరిసి ఉంది. సొన్నమ్మ చేతికి సూది గుచ్చి ఇంకా మందు పెట్టలేదు. ఎదురుగా ఉన్న కుర్చీలో ముప్పై ఏళ్ళ అమ్మాయి, జుట్టు ముందే కురచగా కత్తిరించుకుని, ఫోన్‌లో చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. గీతాంజలి ఆమె దగ్గర చాలాసేపు నిలబడి ఏదో నచ్చజెప్పింది. కుదరక, చివరికి ఆ అమ్మాయిని భుజం పట్టి లేపి, నేరుగా సొన్నమ్మ దగ్గరికి తీసుకొచ్చింది.

"ఈమె అర్పిత. ఇవాళే మొదటి కీమో. రేపటి సూది వద్దంటుంది. ఫోన్‌లో ఏమేమో చదివి భయపడింది," అని, అర్పిత వైపు తిరిగి, "ఇగో, ఈ సొన్నమ్మను అడుగు. మూడు సూదులయ్యాయి. పదికి ఒకటి అంటుంది, అంతే. మా హాల్లో ఇట్లాంటి గట్టిగిత్తి, ఇంత గట్టి మనిషి ఇంకొకరు లేరు," అంది.

సొన్నమ్మకు ఆ పొగడ్త మొహం మీద కొట్టినట్టు తగిలింది.

అర్పిత ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుంది. "అక్కా, మాది బాగేపల్లి సైడు. ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో జాబు," అంది. "బోన్ పెయిన్ చానా సివియర్‌గా ఉంటాదని చదివినా. నిజం చెప్పక్కా. నీకు నిజంగా ఏం కాలేదా?"

లేదని చెప్పడం ఎంత పని? ఇన్నేళ్ళ సాధన ఉంది. ఈ పిల్ల నమ్ముతుంది, నర్సు సంతోషిస్తుంది, తన కుర్చీ తనకుంటుంది. కానీ ఆ పిల్ల మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుని వచ్చేసరికి ఏమవుతుందో సొన్నమ్మకు తెలుసు. ఒకటే అని చెప్పారు కదా, మరి నాకు ఇంత ఎందుకొచ్చింది అనుకుంటుంది. జబ్బు ఎముకల్లోకి దిగిందని అనుకుంటుంది. మంచి చీర తీసి పక్కన పెట్టుకుంటుంది. ఈ పిల్ల పెట్టెలో చీర తీసి పెట్టుకోవడం సొన్నమ్మ కళ్ళకు కట్టినట్టు కనబడింది, అది ఆమెవల్ల కాలేదు.

ఒకవైపు ఈ పిల్ల, ఇంకోవైపు తన ప్రాణం. అప్పటికామె అలాగే అనుకుంది, అందులో అబద్ధమేమీ లేదు. నర్సు అక్కడే నిలబడి వింటోంది. చేతిలో కాగితాల అట్ట ఉంది, జేబులో పెన్ను ఉంది.

"అబద్ధం చెప్పినా పాపా," అంది సొన్నమ్మ. "నొస్తాది. చానా నొస్తాది. మూడో దినం మొదలైతాది, నడుము కాడ. ఎముకల్లో వస్తాది. సస్తానేమో అనిపిస్తాది. సావవు. ఆరో దినానికి పోతాది. పోతాది, అది మాత్రం సత్యం. జబ్బు ముదిరిందని అనుకోవద్దు. నేనట్లే అనుకుని పిచ్చిదాన్నైపోయినా."

అర్పిత కళ్ళు పెద్దవి చేసుకుని వింది. గీతాంజలి మాత్రం బిగుసుకుపోయింది.

"సొన్నమ్మా, ఏం మాట్లాడుతున్నావు? నాకు ఒకటి అని చెప్పావు కదా?"

"పదికి పదమ్మా. మూడుసార్లూ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

సొన్నమ్మ సూది లేని చేత్తో నర్సు చెయ్యి పట్టేసుకుంది. "నా పేరు కొట్టెయ్యద్దు తల్లీ. నేను ఓర్చుకుంటా. మూడు ఓర్చుకున్నా కదా, ఇంకా ఐదు ఓర్చుకుంటా. ఎవరికీ చెప్పను. ఆ తాతను పంపించినట్టు నన్ను పంపించద్దు."

"ఏ తాత?"

"చిక్కమునియప్ప. నోరు పూసిందన్న్యాడని పొమ్మన్నారు కదా."

గీతాంజలికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయ్యో రామా! ఆ తాతకు రక్తంలో కణాలు తక్కువున్నాయి, అందుకని రెండు వారాలాగమన్నారు. ఇప్పుడు మంగళవారం మంగళవారం వస్తున్నాడు. నిన్నగాక మొన్న నాతో ఇడ్లీలకోసం పోట్లాడాడు. నొప్పి అన్నవాళ్ళ పేరు ఎవరైనా కొట్టేస్తారా? ఎవరు చెప్పారు నీకు?"

ఎవరు చెప్పారు? ఆ ప్రశ్నకు జవాబు హెబ్బగోడి సర్కిల్ అంత పెద్దది.

డాక్టరు వచ్చాడు. ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని రోజులుంటుంది, జ్వరం ఉందా అని అడిగి రాసుకున్నాడు. ఎముకల లోపలే కణాలు తయారవుతాయనీ, సూది ఆ పని తొందర చేయిస్తుంది కాబట్టి అక్కడ నొప్పి వస్తుందనీ, జబ్బుకూ దానికీ సంబంధం లేదనీ చెప్పాడు. జ్వరం లేదని చూసుకున్నాక వేసుకోమని ఒక నొప్పిమాత్ర రాశాడు. ఇంకొక మాత్ర రాస్తూ, "ఇది తుమ్ములకూ దురదలకూ ఇచ్చే మందే, కానీ కొంతమందికి ఈ నొప్పిని తగ్గిస్తుంది. మొత్తం పోదు, తగ్గుతుంది. తగ్గకపోతే ఫోన్ చెయ్యి, వేరేది చూద్దాం," అన్నాడు. అర్పితకు కూడా అవే రాశాడు. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.

మందు పెట్టారు. కీమో ఎప్పటిలాగే ఎక్కుతోంది. ఎవరూ ఎవరినీ వెళ్ళిపొమ్మనలేదు.

అప్పుడు ఏడ్చింది సొన్నమ్మ. ఊరికే కళ్ళు తుడుచుకోవడం కాదు, ముక్కు కారేలా ఏడ్చింది. తుమ్ముల మాత్ర! మూడు సూదులు, సూదికి నాలుగు రోజులు, మొత్తం పన్నెండు రోజులు నేలమీద పాకింది. తుమ్ముల మాత్ర అడగలేక! గీతాంజలి టవలు తెచ్చిచ్చి, "అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదా మీరు," అంది కోపంగానే. కానీ అమ్మను అడగడం వేరు. అడిగితే ఉన్న ముద్ద కూడా లాగేసుకునే చోట ఇరవై రెండేళ్ళు గడిపినవాళ్ళకు అడగడం అంత సుళువుగా రాదు. ఈ మాట నర్సుకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని నేను చెబుతున్నాను.

వెళ్ళేటప్పుడు అర్పిత ఆమె ఫోన్ తీసుకుని తన నంబరు వేసిపెట్టి, దాంట్లోంచే తనకో మిస్డ్ కాల్ ఇచ్చుకుంది.

మరుసటి రోజు ఇద్దరూ సూదులు వేయించుకున్నారు. మూడో రోజు అనుకున్నట్టే వచ్చింది నొప్పి. సొన్నమ్మ జ్వరం చూసుకుని, లేదని తేల్చుకుని, కాగితంలో రాసినట్టు మాత్రలు వేసుకుంది. నొప్పి పోలేదు. కానీ గోడ పట్టుకోకుండా నడవగలిగింది, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టగలిగింది. ఇంత మాత్రానికే ఆమెకు ఏదో పండగలా అనిపించి, ఎవరికైనా చెబుదామని తలుపు తీసింది. మధ్యాహ్నం పన్నెండు. ఏడు తాళాలు. కొళాయి దగ్గర ఎవరిదో బట్టల సబ్బు ఎండిపోతోంది. సుమ రావడానికి ఇంకా ఎనిమిది గంటలు. సొన్నమ్మ గడపలో నిలబడి కాసేపు ఆ సబ్బును చూసింది. నొప్పి సగమైనా ఒంటరితనం అంతే ఉంది, ఇంకాస్త కనబడుతోంది కూడా. ఇన్నాళ్ళూ నొప్పి దాన్ని కప్పిపెట్టింది.

ఫోన్ మోగింది.

"అక్కా, నేను అర్పితను." గొంతు చాలా చిన్నగా ఉంది, వెనకాల నీళ్ళు పడుతున్న చప్పుడు. "మొదలైంది. నువ్వు చెప్పినట్టే. నడుము దగ్గర."

"మాత్ర ఏసుకున్న్యావా?"

"వేసుకున్నా. కొంచెం ఓకే. నువ్వు ముందే చెప్పకపోతే నేను చచ్చిపోతున్నా అనే అనుకునేదాన్నక్కా."

"ఆ నీళ్ళ చప్పుడేంది?"

"బాత్రూంలో ఉన్నా. ట్యాప్ ఓపెన్ చేసి పెట్టినా, బయటికి వినపడకుండా." గొంతు ఇంకా తగ్గించింది. "ఇంట్లో మా అమ్మ, అత్తయ్య, మా ఆయన దర్శన్ అందరూ ఉన్నారు. నొప్పి ఏం లేదని చెప్పినా. వాళ్ళు ఆల్రెడీ చానా భయపడిపోయి ఉన్నారు. నేను నవ్వుతా ఉంటే వాళ్ళు అన్నం తింటారు."

సొన్నమ్మకు ఒళ్ళు మండింది. నలుగురు మనుషులున్న ఇంట్లో కొళాయి తిప్పుకుని ఏడ్చే పిల్లను ఏమనాలి? తాళాలకు కూడా వినబడకుండా నొప్పి మింగినదాన్ని నన్నేమనాలి?

"లెయ్యి," అంది. "లేచి బయటికి పోయి మీ అమ్మకు చెప్పు. నొస్తాందని చెప్పు. ఏడిస్తే ఏడవనీ. ఒకరికొకరు ఉండేది ఎందుకనుకున్న్యావు, అన్నం తినేకేనా?"

"చెప్తాలేక్కా. ఇంకో ఐదు నిమిషాలు." అర్పిత ముక్కు చీదింది. "నీకెట్లా ఉందక్కా?"

"బాగు..." అని ఆగింది సొన్నమ్మ.

"అక్కా?"

"నొస్తాంది."

"ఎవరికైనా చెప్పినావా? మీ ఇంట్లో ఎవరుంటారు?"

సొన్నమ్మ తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూసింది. ఎండ గచ్చు మీద తెల్లగా పడి ఉంది.

"ఎవరూ లేరు పాపా. నాకు ఎవరూ లేరు," అంది. ఈ మాట పైకి అనడం ఆమెకు ఇదే మొదటిసారి. అన్నాక అది ఇంత చిన్న మాటా అనిపించింది.

"నాకు చెప్పక్కా. యాడ నొస్తాందో చెప్పు."

గడప మీద మెల్లగా కూర్చుంది. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఈ పక్క తుంటి కాడ్నుంచి చెప్తా," అంది. "పొద్దున ఆడ మొదలైంది. ఆడ్నుంచి తొడలోకి దిగింది. రొమ్ము తీసినారు చూడు, ఆ కింద ఎముక ఒకటుంటాది, దాంట్లో గుండె కొట్టుకున్నప్పుడల్లా పొడుస్తాంది. పోయిన నెల ఎంత నొచ్చిందో తెల్సా పాపా, నీళ్ళు తాగేకి నేలమీద పాకినా..."

అవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. సరిగ్గా వినడానికి అర్పిత కొళాయి కట్టేసింది.